14 మంది విద్యార్థులు, ఇద్దరు బాధ్యులు, రెండు వారాల జర్మనీ: నా అనుభవం

వరంగల్‌లో మేం పనిచేసేది ప్రభుత్వ సంస్థలో. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం పిల్లలు 14 మందిని రెండు వారాల శిక్షణకు జర్మనీ తీసుకెళ్లడానికి బాధ్యులుగా నన్నూ, ఇంకో మేడమ్‌నూ వేశారు. గుంపులో ఒక్క అమ్మాయి ఉన్నా మహిళా అధ్యాపకురాలు వెంట ఉండాలన్నది మా దగ్గరి నియమం. అది లేకపోయినా ఇద్దరు కావాల్సిందే. ఒకరికి జ్వరమొచ్చి నేను ఆస్పత్రిలో కూర్చుంటే మిగతా 13 మందిని చూసేదెవరు?

ఫైలు నాలుగున్నర నెలల ముందు కదిలింది, ఒకసారి వెనక్కి కూడా వచ్చింది. కారణం ఆహ్వాన పత్రంలో ఒకే ఒక్క వాక్యం: ‘బస, భోజనం మేమే చూసుకుంటాం.’ పిల్లల విషయంలో దానితో ఇబ్బంది లేదు, చిక్కు మాతోనే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ఆరో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ అధీనంలోని సంస్థల ఉద్యోగులు విదేశాల్లో ఆతిథ్యం తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి ఉండాలి. ఎఫ్‌సీ-2 దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పెట్టాలి. రెండు వారాలన్నది చట్టం లెక్క, మీరు మాత్రం రెండు నెలలు అనుకోండి. విమాన టికెట్టు, బస, భోజనం, అక్కడి ప్రయాణాలు, ఈ నాలుగు ఖర్చులు ఎవరివో పిల్లలకు విడిగా, అధ్యాపకులకు విడిగా ఆహ్వానంలోనే రాయించుకుంటే ఫైలు తిరిగి రాదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నవి పేర్లు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. కాలేజీ ఐడీ కార్డుకు వచ్చేసరికి అదే ఇంటిపేరు ఒక్క అక్షరమవుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ వేర్వేరు గళ్లు. మా 14 మందిలో ముగ్గురికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే పడింది. మేం ఐడీ కార్డులు చూసి తయారుచేసిన పట్టికనే జర్మనీకి పంపాం. ఆహ్వానాలు ఆ పేర్లతోనే వచ్చాయి. టికెట్ల ఏజెంటు ఇంకో రకంగా కొట్టాడు. బల్ల మీద పక్కపక్కన పెడితే ఒకే పిల్లాడు ఆహ్వానంలో ‘బి. సాయికిరణ్’, టికెట్టు మీద ‘సాయి’, పాస్‌పోర్టులో ‘బండారు సాయి కిరణ్’. వీసా కౌంటర్లో ముందు చూసేది ఇదే.

అందుకని పేర్లు నోటిమాటగా అడగొద్దు, ఐడీ కార్డు నుంచి ఎత్తిరాయొద్దు. పాస్‌పోర్టు ఫొటో పేజీ స్కాన్ తెప్పించి, అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసల్లో మొదటిది చూడండి. జంట బాణాలకు ముందున్నది ఇంటిపేరు, తర్వాతది పేరు. ఆహ్వానం, బీమా, టికెట్టు, అన్నీ అదే వరుసలో ఉండాలి. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లు రీఇష్యూకు వెళ్లడం మేలు. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 36 పేజీలకు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రావడంపై యూఏఈ 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది. దుబాయ్‌లో విమానం మారడం వరకు సరే, అది తప్పిపోయి ఊళ్లోకి వెళ్లాల్సి వస్తే అలాంటి పాస్‌పోర్టున్న పిల్లాడు ఎయిర్‌పోర్టులోనే కూర్చోవాల్సి రావచ్చు. రీఇష్యూతో పాస్‌పోర్టు నంబరు మారుతుంది కాబట్టి ఈ పని ముగిశాకే ఆహ్వానాలు తెప్పించుకోండి.

జర్మనీ సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, పట్టి చూస్తే 45 దాకా పోవచ్చు. మేం పది వారాల ముందు హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రానికి వెళ్లాం. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పెద్దలకు వీసా ఫీజు 90 యూరోలు కదా, చదువు కోసమో శిక్షణ కోసమో వెళ్లే విద్యార్థులకు, వెంట వెళ్లే అధ్యాపకులకు ఆ ఫీజు మాఫీ. మాఫీ కావాలంటే కవరింగ్ లెటర్లో, ఆహ్వానంలో ‘శిక్షణ’ అని స్పష్టంగా ఉండాలి. ‘విజిట్’ అని రాస్తే కౌంటర్లో వాదించుకోవాలి. వీఎఫ్‌ఎస్ సర్వీస్ చార్జీ ఎలాగూ కట్టాలి. బీమా కనీసం 30,000 యూరోలకు. తిరుగు విమానం ఆలస్యమైనా కవరయ్యేలా రెండు రోజులు ఎక్కువే తీసుకున్నాం.

తల్లిదండ్రులతో హనుమకొండలో ఒక సమావేశం పెట్టాం. ఒక తల్లి అడిగింది: “సార్, ఆడికి పోయినంక బిడ్డకు పాణం బాగలేకుంటే ఎవరు చూస్తరు?” దీనికి నోటితో ధైర్యం చెప్తే సరిపోదు, జవాబు అంగీకార పత్రంలో ఉండాలి. అత్యవసర చికిత్సకు సంతకం పెట్టే అధికారం ఎవరిది, బీమా దాటిన ఖర్చు ఎవరిది, పిల్లాణ్ని మధ్యలోనే వెనక్కి పంపాల్సి వస్తే టికెట్టు ఎవరిది. ఉబ్బసం, మూర్ఛ, అలర్జీలు, వాడే మందులు సీల్డ్ కవర్లో తీసుకుని మా ఇద్దరి దగ్గరే ఉంచుకున్నాం.

నీళ్ల దగ్గరికి అనుమతి లేకుండా వెళ్లరాదని ఆ పత్రంలో విడిగా ఒక వాక్యం పెట్టాం. 2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ వాక్యం ఎందుకని అడగలేదు. మద్యం సంగతీ రాతపూర్వకంగానే. జర్మనీలో 16 ఏళ్లకే బీరు కొనుక్కోవచ్చు కాబట్టి ‘అక్కడి చట్టం ఒప్పుకుంటుంది కదా సార్’ అంటారు. నిషేధం కాలేజీదని, అది బాధ్యులకూ వర్తిస్తుందని రాయండి. విద్యార్థి గదిలోకి ఒంటరిగా వెళ్లొద్దు, మాట్లాడాల్సింది ఏదైనా లాబీలోనే. లైంగిక వేధింపుల నివారణపై 2015 యూజీసీ నిబంధనల్లో క్యాంపస్ అంటే స్టడీ టూర్లు కూడా. అంటే అక్కడి హాస్టల్లో జరిగిన వేధింపు మీద ఫిర్యాదూ మన అంతర్గత కమిటీ ముందుకే వస్తుంది. కమిటీ ఫోన్ నంబరు పిల్లలందరి దగ్గరా ఉండాలి.

సంచుల్లో సకినాలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికుల సామానులో తేవడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. మామిడికాయ పచ్చడి చెక్-ఇన్ బ్యాగులోకి, పవర్‌బ్యాంకు చేతిసంచిలోకి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, హద్దు 100.

శంషాబాద్‌కు జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కడానికి మినీబస్సు మాట్లాడాం. నాలుగు గంటలు ప్రయాణానికి, నాలుగు గంటలు ఎయిర్‌పోర్టుకు లెక్కేసుకోండి. మేడారం జాతర రోజులైతే బండి నెల ముందే చెప్పిపెట్టుకోవాలి.

అక్కడ ప్రతి పిల్లాడికీ 1 నుంచి 14 దాకా ఒక నంబరు. రైలెక్కే ముందు, దిగాక వాళ్లే వరుసగా పలుకుతారు. తలలు లెక్కపెట్టడం కన్నా ఇది త్వరగా అవుతుంది, ఎవరు లేరో కూడా వెంటనే తెలుస్తుంది. రాత్రి పది దాటితే హాస్టల్లో నిశ్శబ్దం పాటించాలి, మనవాళ్ల మీద మొదటి ఫిర్యాదు వచ్చేది ఇక్కడే. అంబులెన్సుకు 112, పోలీసుకు 110. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత భారత కాన్సులేట్. అక్కడిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు ఇండియాకు తిరిగి రావడానికే పనికొస్తుంది. అందుకే పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు మా ఇద్దరి దగ్గరా చెరొక సెట్టు.

తిరిగొచ్చాక బిల్లుల పని. మిగిలిన విదేశీ కరెన్సీ 2,000 డాలర్లకు మించితే 180 రోజుల్లో బ్యాంకులో మార్చేయాలి. బోర్డింగ్ పాసులు లేకుండా టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు పాస్ కాదు. వాటి మీద అచ్చు నెలలోపే వెలిసిపోతుంది, సీట్లో కూర్చోగానే 16 పాసులూ ఫొటో తీసి పెట్టుకోండి.