ఆ సీలు

పదకొండు దాటింది. రెండుసార్లు సబ్బేసి తోమినా గేర్ ఆయిల్ వాసన పోలేదని ఈవిడ దిండు తీసుకుని పిల్లల గదిలోకి వెళ్లిపోయింది. పోనీ. నాకు నిద్ర పట్టనిది వాసన వల్ల కాదు, నా లారీ తోలే మామ వల్ల.

మొన్న చీమకుర్తి క్వారీలో రాయి లోడుతో మెరక ఎక్కుతుంటే ఇంజన్ రంకెలేస్తోంది గానీ బండి కదలడం లేదని ఫోన్ చేశాడు. కాలిన వాసన కూడా వస్తోందన్నాడు. నేను ఇంకేం అడగలేదు. "క్లచ్ పెడల్ మీద కాలు పెట్టుకుని తోలితే క్లచ్ ప్లేటు ఉంటుందా మామా? వేయించి ఏడాది కూడా కాలా" అన్నాను. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడంట, క్లీనర్ పిల్లోడు పక్కనే ఉన్నాడంట. మామ మాత్రం "సరే అబ్బయ్యా" అని పెట్టేశాడు. లోడు దించేసి, ఖాళీ బండిని ఈడ్చుకుంటూ ఒంగోలు షెడ్డుకి తెచ్చాడు.

ఈరోజంతా షెడ్డులోనే. పొద్దున తొమ్మిదికి రమ్మన్న మేస్త్రి పదకొండున్నరకి వచ్చాడు. వచ్చి టిఫిన్‌కి వెళ్లాడు. ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం, అదే ఫ్లైవీల్, లేత్‌కి పంపాలంటే లేత్ ఆయన పెళ్లికి పోయాడు, మూడింటికి వస్తాడు. మూడింటికి కరెంటు పోయింది. బండి ఒక రోజు ఆగితే నాకు ఎంత పోతుందో వీళ్లకి పట్టదు. కూర్చోడానికి పాత టైరు తప్ప ఏమీ లేదు, ఆ టైరు కూడా ఎండలోనే. ఇదంతా రాయడం ఎందుకంటే, సాయంత్రం దాకా నేను కోపంగా ఉండటానికి కారణం ఇదే అనుకున్నాను.

గేర్‌బాక్స్ దించితేగానీ ప్లేటు బయటికి రాదు. దించడం మాత్రం చక్కగా దించారు, ఒప్పుకోవాలి. జాయింట్ షాఫ్టు విప్పి, గేర్ రాడ్డు, స్లేవ్ సిలిండరు, వైర్లు తప్పించి, చక్రాల జాకీ కిందికి తోసి, బెల్ హౌసింగ్ బోల్టులు తీసి తిన్నగా వెనక్కి లాగారు. రెండో టీ వచ్చేసరికి గేర్‌బాక్స్ నేల మీద ఉంది.

నాన్న దించింది ఇలా కాదు. నాకు తొమ్మిదేళ్లు. ఉలవపాడు దాటాక తోటల పక్కన, రాత్రి. అప్పటికి అది ఐదో నంబరు హైవే. క్యాబిన్‌లో నేల పలకలు విప్పి, రెండు తలుపులకీ అడ్డంగా సరుగుడు దుంగ పెట్టి, దానికి మోకు చుట్టి, అంగుళం అంగుళం దించారు. వంద కిలోలకి తక్కువుండదు ఆ ఇనుము. దాని కింద గోనెసంచి మీద నాన్న. పైన మోకు పట్టుకున్నది మామ. అప్పుడు మామ క్లీనరు, మీసాలు కూడా సరిగా రాలేదు. ఎక్కించేటప్పుడు ఇంకా కష్టం. గేర్‌బాక్స్ షాఫ్టు పళ్లు ప్లేటు పళ్లలోకి దిగాలి. గేరులో వేసి ఉంచి వెనక ఫ్లాంజ్‌ని కొంచెం కొంచెం తిప్పాలి, ఆ తిప్పే పని నాది. బరువంతా షాఫ్టు మీద వేలాడితే ప్లేటు నడిమి భాగం వంగిపోతుందని నాన్న కింద నుంచి ఒకటే అరుపు. పళ్లు కలిసేదాకా మామ మోకు వదల్లేదు. అయ్యాక చూస్తే అరచేతుల్లో తోలు లేదు. తోట కాపలా తాత సపోటాలు ఇస్తే మామకి నేనే ఒలిచి నోట్లో పెట్టాను. నూనె చేతులతోనే. బాగున్నాయి అన్నాడు.

ఇంతకీ ఈరోజు ప్లేటు బయటికి తీస్తే తడిగా ఉంది. మేస్త్రి వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకుని, "గేర్ ఆయిల్ కాదన్నా, ఆ కంపు వేరే. ఇది ఇంజన్ ఆయిలు" అన్నాడు. ఫ్లైవీల్ వెనక, ఇంజన్ నూనె బయటికి రాకుండా ఆపే క్రాంక్ సీలు కారుతోంది. ప్లేటు మీద నూనె పడితే జారుతుంది, జారితే కాలుతుంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు చూపించి, "పెడల్ సగం తొక్కి హాఫ్ క్లచ్‌లో తోలినా ఇలాగే వస్తాయి కదా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలుసు. "వస్తాయి. కానీ దీనికి ముందొచ్చింది నూనె" అన్నాడు.

సరే, అయితే పోయినసారి చేసిన షెడ్డువాడిది తప్పు. గేర్‌బాక్స్ దించాక, ఫ్లైవీల్ విప్పాక, ఐదారొందల సీలు వేయకుండా ఎవడన్నా మూస్తాడా? ఇంటికొచ్చి వాడిని కడుగుదామని పాత బిల్లు వెతికాను. బిల్లులో ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు ఉన్నాయి. కింద సీలు కూడా రాశాడు. దాని మీద అడ్డంగా గీత. పక్కన 'తర్వాత చూద్దాం' అని నా చేతిరాత.

సాయంత్రం బండి స్టార్ట్ చేసి మామ పెడల్ తొక్కి చూశాడు. "మెత్తగా ఉంది అబ్బయ్యా" అన్నాడు. బిల్లు అప్పటికింకా చూళ్లేదు, కానీ నూనె సంగతి తెలుసు కదా. అయినా నేనన్నది "ఈసారన్నా జాగ్రత్తగా తోలు" అని.

పొగాకు బేళ్లు ఎత్తుకుని గుంటూరు బయల్దేరాడు. ఈపాటికి మేదరమెట్ల దాటి ఉంటాడు. బండి మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తొద్దని రూలు పెట్టింది నేనే.