తలుపు అద్దం మీద నోవహు ఓడ

మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌కి సొంత బిల్డింగ్ లేదు. డాలస్ శివార్లలో ఒక అమెరికన్ చర్చి వాళ్ళు, తమ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం రెండింటి నుంచి హాలు, వెనకాల సండే స్కూల్ గదులు మాకు అద్దెకిస్తారు. ఆరేళ్ళ క్రితం వేసవిలో మొదటిసారి వీబీఎస్, అంటే పిల్లలకి సెలవుల బైబిలు స్కూలు, పెట్టుకున్నాం. ముందురోజు రాత్రి పదకొండు దాకా కూర్చుని నేనూ ఇంకో ఇద్దరు సిస్టర్సూ బైబిలు కథలోని నోవహు ఓడ తయారుచేశాం. గోధుమరంగు చార్టు పేపరు, దూదితో మేఘాలు, రెండేసి ఏనుగులు, రెండేసి నెమళ్ళు. పిల్లలు రాగానే కళ్ళబడాలని తలుపు నిండా అతికించాం. ఆ తలుపుకి మధ్యలో నిలువుగా ఒక అద్దం ఉంటుంది. ఓడ దాన్ని మొత్తం కప్పేసింది.

పొద్దున్నే ఆ చర్చిలో పిల్లల విభాగం చూసే అమెరికన్ ఆవిడ వచ్చింది. ఎంత బాగా చేశారో అని మెచ్చుకుంటూనే గోళ్ళతో టేపు ఊడదీసి, ఓడని పక్కన గోడ మీదికి మార్చేసింది. "అద్దం కప్పకూడదు" అంది, అంతే. ఒక ఏనుగు తొండం చిరిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. లోపల ఉండేది మేమే, పిల్లలూ మా పిల్లలే, ఇంక తొంగి చూడాల్సిందేముంది? ఆ మధ్యాహ్నం పులిహోర వడ్డిస్తూ అందరితో నేనే అన్నాను: "అద్దెకిస్తారు గానీ మనల్ని నమ్మరమ్మా వీళ్ళు."

మాకు ఫెలోషిప్ అంటే ఏమిటో చెబితే గానీ ఆ ఉక్రోషం అర్థం కాదు. మాది ఒంగోలు, తాతల నాటి నుంచి బాప్టిస్టులం. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు మొదలుపెట్టిన పనికి లోన్ స్టార్ మిషన్ అని పేరు. ఆ మిషన్ మనవలం చివరికి లోన్ స్టార్ స్టేట్ అని పిలుచుకునే టెక్సాస్‌లోనే వచ్చి పడ్డామని మా ఆయన జోకు. నా మొదటి కాన్పుకి వీసా దొరక్క అమ్మ రాలేకపోతే, కారప్పొడి కొట్టి తెచ్చిందీ, పసిదానికి నీళ్ళు పోసిందీ ఫెలోషిప్ ఆడవాళ్ళే. ఇక్కడ మా పిల్లలకి బాబాయిలు, మేనమామలు లేరు. ఆ ఖాళీలన్నీ చర్చితోనే నింపుకున్నాం. గడప దాటి వచ్చిన ప్రతి మగవాడూ అంకుల్, పాతికేళ్ళలోపు వాడైతే అన్నయ్య. అలా వరస కలిపేశాక ఇంక నియమాలు అడగబుద్ధి కాదు. సొంత బాబాయిని ఐడీ కార్డు చూపించమంటామా?

మూడేళ్ళ క్రితం మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు. ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాడు, కీబోర్డు బాగా వాయిస్తాడు. మీటింగ్ ముందు వైర్లు సర్దేదీ తనే, అయ్యాక కుర్చీలు మడిచేదీ తనే. పెద్దవాళ్ళు కనిపిస్తే చేతులు కట్టుకుని "వందనాలండి" అనేవాడు. యూత్ పిల్లలకి పాటలు నేర్పి, తనే ఇళ్ళ దగ్గర దింపేవాడు. ఆదివారం సాయంత్రం అరగంట డ్రైవింగ్ తప్పుతుందంటే ఎవరు వద్దంటారు? నేనైతే గోంగూర పచ్చడి సీసాలో పెట్టి మరీ ఇచ్చాను.

ఒకరోజు కార్లో నా కూతురు, అప్పటికి 12 ఏళ్ళు, వెనక సీట్లోంచి అంది: "అమ్మా, హి ఈజ్ కైండాఫ్ వియర్డ్."

నేను వెనక్కి తిరగనన్నా తిరగలేదు. "పెద్దవాళ్ళని అలా అనకూడదు. అన్నయ్య అనాలి" అన్నాను. అది ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

ఇప్పటికీ ఆ మాటే నన్ను నిద్రపోనివ్వదు. నా కూతురికి మర్యాద తెలుగులో వచ్చు, భయం ఇంగ్లీషులో వచ్చు. వియర్డ్ అంటే నా చెవికి "తిక్కమనిషి" అని వినిపించింది. వాళ్ళ భాషలో ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలియదు. ఏదో తేడాగా ఉంది, ఏమిటో చెప్పలేకపోతున్నాను, నువ్వే అడుగు అని దానర్థం. నేను అడగాల్సింది పోయి దాని భాష దిద్దాను.

రెండు నెలల తర్వాత ఇంకో పిల్ల తల్లి రాత్రిపూట ఫోన్ చేసింది, గొంతు పెగలడం లేదు. కూతురి ఫోన్లో మెసేజీలు చూసింది. అర్ధరాత్రి మెసేజీలు. మీ అమ్మావాళ్ళకి చెప్పకు, వాళ్ళకి అర్థం కాదు, ఇది మనిద్దరి మధ్యే. అంతకుమించి ఇక్కడ రాయను. ఆ పిల్ల కథ ఆ పిల్లది, తను చెప్పుకోవాలనుకున్నప్పుడు చెప్పుకుంటుంది.

దీన్ని ఇంగ్లీషులో గ్రూమింగ్ అంటారని ట్రైనింగుల్లో చెబుతారు. మనకి అంతకంటే మంచి మాటే ఉంది, మచ్చిక చేసుకోవడం. పిల్లని మచ్చిక చేసుకోవాలంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని మచ్చిక చేసుకోవాలి. మడిచిన కుర్చీలు, కట్టుకున్న చేతులు, పిల్లల్ని దింపిన కారు, అన్నీ మా కోసమే. ఖాళీ అయిన పచ్చడి సీసా కడిగి తిరిగి తెచ్చిచ్చాడు కూడా.

ఆ వారమే పెద్దలు కూర్చున్నారు. కుర్రతనం, ప్రార్థనలో పెడదామన్నారొకరు. వాళ్ళ నాన్న పొలం తాకట్టు పెట్టి పంపాడు, వీసా పోతే ఆ కుటుంబం ఏమైపోవాలన్నారు ఇంకొకరు. ఆ మాటకి నాక్కూడా గొంతులో ఏదో అడ్డుపడిందని ఒప్పుకుంటున్నాను. ఒకాయన కీర్తనల్లోంచి "అభిషేకించినవారిని ముట్టకూడదు" అని వాక్యం తీశారు. కీబోర్డు వాయించేవాడికి అభిషేకం ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. పసివాళ్ళకి కీడు చేసినవాడి మెడకి తిరగలిరాయి కట్టి సముద్రంలో వేయడం మేలన్న యేసు మాట మాత్రం ఆ సాయంత్రం ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి ఒకాయన దారి చూపించారు: "హ్యూస్టన్‌లో మనకి తెలిసిన ఫెలోషిప్ ఉంది. అక్కడికి పంపేద్దాం. ఇక్కడ గొడవ సద్దుమణుగుతుంది."

హ్యూస్టన్ పేరే ఎత్తాలా? ఆ ఊరి పత్రిక హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌తో కలిసి 2019 ఫిబ్రవరిలో సదరన్ బాప్టిస్టు చర్చిల గురించి వరుస కథనాలు వేసింది. 20 ఏళ్ళలో దాదాపు 380 మంది పాస్టర్లు, యూత్ లీడర్లు, వాలంటీర్ల మీద ఆరోపణలు, 700 మందికి పైగా బాధితులు. చాలాచోట్ల జరిగింది ఒకటే, ఒక చర్చిలో గొడవైతే ఇంకో చర్చికి వెళ్ళిపోవడం. ఏ చర్చికాచర్చి స్వతంత్రం, పైన అడిగేవాడు లేడు. 2022 మేలో బయటికొచ్చిన విచారణ నివేదికలో ఇంకో సంగతి తేలింది. అలాంటివాళ్ళ జాబితా పెట్టడం మా వల్ల కాదని బాధితులకి చెబుతూ వచ్చిన సదరన్ బాప్టిస్టుల కేంద్ర కార్యాలయంలోనే 703 పేర్లతో ఒక జాబితా ఉంది. గుట్టుగా రాసుకుంటూ పోయారు తప్ప ఏ చర్చినీ హెచ్చరించలేదు.

ఇది ఒక్క బాప్టిస్టుల జబ్బు కాదు. బోస్టన్‌లో పిల్లల్ని వేధించిన క్యాథలిక్ ఫాదర్లని ఒక పారిష్ నుంచి ఇంకో పారిష్‌కి మారుస్తూ వచ్చిన సంగతి 2002లోనే బయటపడింది. ఇంగ్లండ్‌లో పెద్దింటి మగపిల్లల క్రైస్తవ క్యాంపులు నడిపిన జాన్ స్మైత్ అనే లాయరు వాళ్ళని ఒళ్ళు చిట్లేలా కొట్టేవాడని 1982లోనే కొందరు చర్చి పెద్దలకి తెలుసు. పోలీసులకి చెప్పలేదు. 1984లో అతను జింబాబ్వే వెళ్ళి అక్కడా క్యాంపులు పెట్టాడు. శిక్ష పడకుండానే 2018లో చనిపోయాడు. ఆ వ్యవహారం మీదే 2024 నవంబరులో ఇంగ్లండ్ చర్చిలో అందరికంటే పెద్ద బిషప్ అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేయాల్సి వచ్చింది. తెల్లవాళ్ళు తమ పిల్లల్ని కాపాడుకోవడానికి అతన్ని ఆఫ్రికాకి వెళ్ళనిస్తే, మేం మా పిల్లల్ని కాపాడుకోవడానికి ఆ కుర్రాణ్ణి హ్యూస్టన్‌కి పంపబోయాం. అక్కడా ఎవరో ఒక తల్లి గోంగూర పచ్చడి కట్టిస్తుంది.

నేనూ ఆ పిల్ల తల్లీ మర్నాడు టెక్సాస్ హాట్‌లైన్ 1-800-252-5400కి ఫోన్ చేశాం. ఈ రాష్ట్రంలో పిల్లల మీద వేధింపు జరుగుతోందని అనుమానించడానికి కారణం ఉంటే ఎవరైనా సరే చెప్పి తీరాలి. పాస్టరుగారికీ మినహాయింపు లేదు. తెలిసీ చెప్పకపోతే నేరం. రుజువు చూపించాల్సిన పని మనది కాదు, అది వాళ్ళు చూసుకుంటారు. ఫోన్ పెట్టేశాక ఇద్దరం కార్లో కూర్చుని ఏడ్చాం. ఆ తర్వాత రెండు కుటుంబాలు మాతో మాటలు మానేసి వేరే ఫెలోషిప్‌కి వెళ్ళిపోయాయి. వాళ్ళలో ఒకావిడ నా కాన్పుకి కారప్పొడి కొట్టి తెచ్చినావిడే.

తర్వాత నియమాలు పెట్టుకుందామనే మాట వచ్చింది. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆ అమెరికన్ ఆవిడ దగ్గరికి వెళ్ళి వాళ్ళ కాగితాలే అడిగి తెచ్చుకున్నాం. ఏ గదిలోనూ పిల్లలతో ఒక్క పెద్ద మనిషే ఉండకూడదు, ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు. మా అబ్బాయి స్కౌటింగ్‌లోనూ ఈ ఇద్దరు పెద్దల నియమమే. ఆ బాయ్ స్కౌట్స్ సంస్థ వేధింపుల కేసులతో 2020లో దివాలా కోర్టుకెక్కాల్సి వచ్చింది, అక్కడ 82,000 పైగా ఫిర్యాదులు వచ్చాయి. కాగితం మీద ఉన్న నియమం ప్రతి శనివారం ఎవరో ఒకరు పాటిస్తేనే నియమమని అక్కడ అర్థమైంది. పిల్లలకి మెసేజ్ పెడితే తల్లో తండ్రో ఉన్న గ్రూపులోనే పెట్టాలి. ఒక్క పిల్లని కార్లో ఎక్కించుకోకూడదు.

ఇవన్నీ ఒప్పుకున్నారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గర మాత్రం గొడవైంది. "ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్ చెబుతున్నాను, నా మీద పోలీసు ఎంక్వయిరీయా?" అని ఒక రిటైర్డ్ టీచరుగారు చాలా బాధపడ్డారు. ఓడ ఊడదీసిన రోజు నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఆయన మొహంలో కనిపించింది. పాస్టరుగారు ఆలోచించి తన ఫారం తనే ముందు నింపి బల్ల మీద పెట్టారు. టీచరుగారు మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి, గడిచిన ఏడేళ్ళలో ఉన్న అడ్రసులన్నీ రాయమంటున్నారు, మా పెద్దాడి పాత అపార్ట్‌మెంట్ నంబరెంతో ఎలా గుర్తుంటుందమ్మా అని నన్నడిగారు.

అసలు సంగతేమిటంటే ఆ చెక్ మీద నాకూ పెద్ద నమ్మకం లేదు. రికార్డు ఉన్నవాడినే అది పట్టుకుంటుంది. ఏడాది క్రితం హైదరాబాద్‌లో ఫ్లైటెక్కి వచ్చినవాడికి టెక్సాస్‌లో రికార్డేముంటుంది? మా కీబోర్డు కుర్రాడికి చేయించినా క్లీన్‌గానే వచ్చి ఉండేది. మా లాంటి ఫెలోషిప్‌లకి ఆ కాగితం కంటే తలుపు అద్దమే ఎక్కువ పని చేస్తుంది.

ఇంక ఇంటి సంగతి. మా అబ్బాయికి స్నానం చేయించేటప్పుడు బట్ట లేకుండా పరిగెడితే "షేమ్ షేమ్" అనడం మా అందరికీ అలవాటు. నేనూ అలాగే పెరిగాను. పిల్లల డాక్టరు, శరీర భాగాల అసలు పేర్లు నేర్పండి, ఏదైనా జరిగితే చెప్పడానికి మాట ఉండాలి కదా అంది. తెలుగులో వెతికితే ఒకటి బూతు, ఇంకోటి సంస్కృతం, మధ్యలో ఇంట్లో వాడుకునే మాటే దొరకలేదు. చివరికి ఇంగ్లీషు పేర్లే నేర్పాను. అయితే "షేమ్ షేమ్" అనడం మాత్రం ఆపేశాం. ఒంటికి సిగ్గు అనే పేరు పెట్టి, రేపు ఆ ఒంటికి ఏమైనా జరిగితే సిగ్గుపడకుండా వచ్చి చెప్పమంటే వాడేం చెబుతాడు?

అత్తయ్య కిందటేడు వచ్చి ఆరు నెలలున్నారు. ఫెలోషిప్‌లో ఎవరో పెద్దాయన బుగ్గ చూపించి ముద్దడిగితే వాడు "నో థాంక్యూ, హై ఫైవ్" అన్నాడు. అత్తయ్య చిన్నబుచ్చుకున్నారు. "ఇలాంటి భయాలన్నీ ఈ దేశంలోనే. మన దగ్గర ఇవెక్కడున్నాయమ్మా?" అన్నారు. వాదించడం ఇష్టం లేకపోయినా చెప్పాను. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే సగానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు, ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో మన ఆంధ్రా కూడా ఉంది. అక్కడా 2012 నుంచి పోక్సో చట్టం ఉంది, తెలిసినవాళ్ళు చెప్పి తీరాలని ఆ చట్టమూ అంటుంది, పిల్లల కోసం 1098 నంబరుంది. అత్తయ్య చాలాసేపు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు. తర్వాత, చిన్నప్పుడు తమ ఊళ్ళో హాస్టల్ వార్డెన్ ఇంటికి పాలు పట్టుకెళ్ళనని మొండికేసి తన్నులు తిన్న ఒక స్నేహితురాలి గురించి చెప్పారు. ఎందుకు వెళ్ళనందో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదట.

నా కూతుర్ని నేను అడిగాను, ఆలస్యంగానే. నీ మాట వినకుండా మర్యాద నేర్పాను, తప్పు నాది అని చెప్పాను. దానికి ఏమీ జరగలేదంది. నమ్మాను. అయినా ఇంకో రెండుసార్లు, వేరే వేరే రోజుల్లో, వంట చేస్తూనో కారు నడుపుతూనో అడిగాను. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఈ వయసు పిల్లలు గోడలైపోతారు.

ఇప్పుడు దానికి 15. నర్సరీ గదిలో సాయం చేస్తోంది. పోయిన ఆదివారం మూడేళ్ళ పిల్లాడొకడు బాత్రూమ్ అంటే నేను చెయ్యి పట్టుకుని బయల్దేరాను. మా పిల్ల తలుపు దగ్గర అడ్డం నిలబడింది.

"అమ్మా, ఆగు. ఒక్కదానివే తీసుకెళ్ళకూడదు. ఇంకో ఆంటీని పిలుస్తా."

"నేనే కదే!"

"తెలుసు. అయినా సరే."

పిల్లాడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు. పక్క గదిలోంచి సిస్టర్ పరిగెత్తుకొచ్చేదాకా ముగ్గురం అలా తలుపు దగ్గరే నిలబడ్డాం.