లిఫ్ట్ చేసిన పికప్‌కి ఎయిర్ బ్యాగులు: ముందు టేపు, తర్వాత స్పానర్

బండి వెనక భాగాన్ని రెండున్నర అంగుళాలు లేపించుకున్న రోజు ఎంత మురిసిపోయానో, దానిమీద సామాను ఎక్కించి ట్రైలర్ తగిలించిన రోజు అంత నీరసపడిపోయాను. తోక కిందికి, ముక్కు పైకి. హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి, ఎదురొచ్చే ప్రతివాడూ నాకు డిమ్ కొడుతున్నాడు. స్టీరింగ్ కూడా తేలికైపోయి, ముందు చక్రాలు నేలకి సగమే ఆనుతున్నట్టు ఉంది. అప్పుడే ఎయిర్ బ్యాగుల ఆలోచన వచ్చింది. స్టీరింగ్‌లోంచి పేలే ఎయిర్ బ్యాగు కాదులెండి, ఛాసిస్‌కీ కమాన్ కట్టకీ (యాక్సిల్‌ని పట్టుకుని బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు) మధ్య కూర్చునే గాలి స్ప్రింగు గురించి చెబుతున్నాను. కమాన్లు తీసేయాల్సిన పని లేదు, వాటికి తోడుగా ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించుకోవచ్చు, బరువు వేసినప్పుడు పెంచుకోవచ్చు.

మొదటిసారి నేను చేసిన తప్పు చాలా మామూలుది. నా మోడల్‌కి సరిపోయే కిట్ అని డబ్బా మీద రాసుంది కదా అని తెచ్చి బిగించేశాను. ఆ కిట్ లిఫ్ట్ చేయని బండికి. బోల్టులన్నీ పట్టాయి, గాలి కూడా నిలిచింది, కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. మూడో వారంలో ఖాళీ బండితో ఒక మట్టిదారిలో పోతుంటే ఎడమ వెనక చక్రం గుంతలో వేలాడింది, కిందనుంచి ఠప్పుమని ఒక శబ్దం, ఆ తర్వాత పాము బుసకొట్టినట్టు సన్నగా గాలి. దిగి చూస్తే బ్యాగు రబ్బరు పై ప్లేటు దగ్గర, ఇనుప అంచులోకి మడిచి నొక్కిన చోట, వేలెడంత మేర ఊడొచ్చింది.

బండిని వెల్డింగ్ పని చేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కిందికి దూరి ఒక్క నిమిషం చూసి, "చక్రం గాల్లో ఉన్నప్పుడు ఈ సందు ఎంతుందో కొలిచావా?" అన్నాడు. నిలబడ్డప్పుడు కూడా కొలవలేదు బాబాయ్ అని ఎలా చెప్పను. కొలిచాను అన్నాను. ఆయన నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది.

సరే, ఆ రోజు కొలిచాం. నా కిట్‌లోని బ్యాగు పనిచేయాల్సిన ఎత్తు 7 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 11 అంగుళాల దాకా సాగుతుంది. లిఫ్ట్ లేనప్పుడు ఛాసిస్‌కీ కమాన్ కట్టకీ మధ్య సందు ఉండేది 7, చక్రం పూర్తిగా వేలాడితే 11. అంటే కంపెనీవాడు సరిగ్గా లెక్కేసే ఇచ్చాడు. నేను అదనపు కమాన్ పట్టీ వేయించి, పొడవాటి షాక్ అబ్జార్బర్లు పెట్టించాక నిలబడ్డప్పుడే తొమ్మిదిన్నర, వేలాడితే పదమూడున్నర. షాక్ ఆపాల్సిన చోట బ్యాగు ఆపుతోంది. యాక్సిల్ బరువు, చక్రం బరువు మొత్తం ఆ రబ్బరు అంచు మీద వేలాడితే అది ఊడక ఏమవుతుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామంది తప్పుగా చెబుతారు, నాకూ చెప్పారు. ఎన్ని అంగుళాల లిఫ్టు ఉంటే అన్ని అంగుళాల స్పేసర్ (బ్యాగుకి ఎత్తుగా పెట్టే ముక్క) పెట్టు, అంతే అని. అంతే కాదు. లిఫ్ట్ ఎలా చేశారు, బ్యాగు అడుగు భాగం దేనిమీద కూర్చుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. యాక్సిల్‌కీ కమాన్ కట్టకీ మధ్య దిమ్మ పెట్టి లేపారనుకోండి, కమాన్ కట్ట ఛాసిస్‌కి ఎంత దూరంలో ఉండేదో అంతే దూరంలో ఉంటుంది, యాక్సిల్ ఒక్కటే కిందికి వెళ్తుంది. బ్యాగు కమాన్ కట్ట పైన కూర్చునే రకమైతే సందు మారనే మారదు, స్పేసర్ పెడితే ఉత్తినే నలుగుతుంది. అదే బ్యాగు యాక్సిల్ గొట్టానికి బిగించే రకమైతే దిమ్మ ఎంత మందమో అంత తేడా వస్తుంది. నాలాగా పట్టీ కలిపి కమాన్‌కి వంపు పెంచినా, షాకిల్ (కమాన్ వెనక చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే ముక్క) పొడవు చేసినా కట్టే ఛాసిస్ నుంచి దూరం జరుగుతుంది కాబట్టి రెండు రకాల్లోనూ సందు పెరుగుతుంది. అందుకే మాట నమ్మొద్దు, టేపు పెట్టండి. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్‌ని జాకీతో మెల్లగా దించుతూ, షాక్ ఆపేదాకా వదిలి అక్కడ ఒక కొలత. మళ్ళీ నేల మీద మామూలుగా నిలబెట్టి ఇంకొకటి. ఈ రెండు అంకెలు లేకుండా కిట్ కొనడమంటే కాలు చూడకుండా చెప్పులు కొన్నట్టే.

నేను చివరికి బ్యాగు కింద రెండున్నర అంగుళాల ఇనుప స్పేసర్ పెట్టించాను. దాంతో బ్యాగు మళ్ళీ తన 7 అంగుళాల దగ్గర కూర్చుంది, పూర్తిగా వేలాడినా 11 దాటడం లేదు. ఇంకో దారి కూడా ఉంది. బ్యాగు అడుగుని బిగించకుండా ఒక గిన్నెలాంటి దాంట్లో కూర్చోబెడతారు, డేస్టార్ అనే కంపెనీ క్రేడిల్ పేరుతో అమ్ముతుంది. చక్రం వేలాడితే బ్యాగు గిన్నెలోంచి లేచిపోతుంది, తిరిగొచ్చి కూర్చుంటుంది. రాళ్ళల్లో, గుట్టల్లో తిప్పేవాళ్ళకి అదే మంచిది. నేను ఎక్కువగా బరువు లాగేవాణ్ణి కాబట్టి స్పేసర్‌తో సరిపెట్టుకున్నాను, పైగా ఆ గిన్నెలో రాయి చిక్కుకుంటే అన్న అనుమానం నాకు పోలేదు.

బిగించేటప్పుడు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కమాన్ ముందు చివర ఛాసిస్‌కి కదలకుండా ఉంటుంది, వెనక చివర షాకిల్ మీద ఊగుతుంది. అందువల్ల బరువు పడి కమాన్ చదునయ్యే కొద్దీ యాక్సిల్ కొంచెం వెనక్కి జరుగుతుంది. ఖాళీ బండి మీద బ్యాగు పై ప్లేటు, కింద ప్లేటు నిట్టనిలువుగా కుదిరాయని సంబరపడితే లోడ్‌లో వంకర తిరుగుతుంది. నేను కింద ప్లేటుని ఒక్క పిసరు ముందుకి ఉంచి బిగించాను, ఇప్పుడు లోడ్‌లో చూస్తే నిటారుగా ఉంది. బ్రేక్ పైపుని, హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ని బ్రాకెట్ కింద నలిపేయకుండా చూసుకోవాలి, సైలెన్సర్ గొట్టం వైపు వేడి ఆపే రేకు పెట్టాలి. ఇవి కిట్ కాగితంలోనే ఉంటాయి, మనం చదవం.

గాలి గొట్టం గురించి మాత్రం చెప్పి తీరాలి. పావు అంగుళం నైలాన్ గొట్టం, ఫిట్టింగ్‌లోకి తోస్తే పట్టుకుంటుంది. కటింగ్ ప్లయర్‌తో కోస్తే చివర నలిగి కోడిగుడ్డు ఆకారం అవుతుంది, లోపలి ఓ-రింగు (గాలి ఆపే గుండ్రటి రబ్బరు) సరిగ్గా పట్టదు. కొత్త బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోయాలి. నేను మొదటిసారి ప్లయర్‌తోనే కోశాను. రెండు రోజులకోసారి గాలి పట్టుకుంటూ బ్యాగునే తిట్టుకున్నాను పాపం.

రెండు బ్యాగుల్నీ టీ ఆకారపు ఫిట్టింగ్ పెట్టి ఒకే వాల్వుకి కలపొచ్చు, పని తక్కువ. కానీ లిఫ్ట్ చేసిన బండికి అది వద్దు. మలుపులో బయటి వైపు బ్యాగు నొక్కుకుంటుంది, అందులోని గాలి లోపలి వైపు బ్యాగులోకి పారిపోతుంది, అంటే సరిగ్గా ఆదుకోవాల్సిన సమయంలో చేతులెత్తేస్తుంది. ఎత్తు పెరిగిన బండి ఎలాగూ ఒరుగుతుంది, దానికి ఇది తోడైతే టెన్షనే. విడివిడి గొట్టాలు, విడివిడి వాల్వులు పెట్టుకుంటే ఇంకో సుఖం, బరువు ఒక పక్కకి ఎక్కువున్నా ఆ పక్క గాలి పెంచి సమం చేసుకోవచ్చు. నా బండిలో జనరేటర్ ఎప్పుడూ ఎడమ వైపే ఉంటుంది, అందుకే ఎడమకి 36, కుడికి 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని).

ఆ 36, 30 మీకు పనికిరావు, కాపీ కొట్టకండి. గాలి ఎంత అన్నది గేజీ చెప్పదు, ఎత్తు చెబుతుంది. చదునైన నేల మీద బండిని ఖాళీగా నిలబెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. నాది వెనక ఇరవై నాలుగున్నర, ముందు 23. లోడ్ వేస్తే వెనక 21కి దిగింది. గాలి కొట్టుకుంటూ ఇరవై మూడున్నర దగ్గర ఆపాను. మళ్ళీ ఇరవై నాలుగున్నర దాకా లేపాలని చేయి దురద పెడుతుంది, వద్దు. అక్కడిదాకా కొడితే బ్యాగు పీపాలా గట్టిపడి ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, చక్రం కిందికి దిగడానికి షాక్‌లో చోటు కూడా తగ్గిపోతుంది.

బ్యాగు మోసే బరువు లోపలి గాలి ఒత్తిడిని దాని నిజమైన వైశాల్యంతో గుణిస్తే వస్తుంది. 6 అంగుళాల వ్యాసం అనుకుంటే సుమారు 28 చదరపు అంగుళాలు, 30 పీఎస్ఐ దగ్గర 840 పౌండ్లు, అంటే దాదాపు 380 కిలోలు. ఒక్కో పక్క. బ్యాగు సాగిపోతే నడుము సన్నబడి ఆ వైశాల్యం తగ్గుతుంది, అదే బరువు మోయడానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి. స్పేసర్ లేనప్పుడు నాకు 50 దాటినా తోక లేవకపోవడం ఎందుకో ఈ లెక్క వేశాకే అర్థమైంది.

ఖాళీగా తిరిగేటప్పుడు పూర్తిగా గాలి తీసేయకూడదు. చాలా కిట్లలో బ్యాగు పెట్టడానికి బంపు రబ్బరు (యాక్సిల్ వెళ్ళి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపేది) తీసేస్తారు, గాలి లేకపోతే రబ్బరు మడతపడి ప్లేట్ల మధ్య నలుగుతుంది. తయారీదారులు కనీసం 5 ఉంచమంటారు, నేను 8 ఉంచుతాను.

ఇంకో భ్రమ. తోక సమంగా లేచింది కదా, ఇంకో రెండొందల కిలోలు వేద్దాం అనిపిస్తుంది. బ్యాగులు బండి ఎత్తుని సరిచేస్తాయి తప్ప బండి మోయగల బరువుని పెంచవు. యాక్సిల్ అదే, టైర్లు అవే, బ్రేకులు అవే. ట్రైలర్ వల్ల ముందు యాక్సిల్ మీద తగ్గిన బరువు కూడా తిరిగి రాదు. హెడ్‌లైట్లు నేల మీదికి దిగాయి, స్టీరింగ్ తేలికదనం చాలావరకు అలాగే ఉంది. దాన్ని ట్రైలర్‌లో సామాను ముందుకీ వెనక్కీ సర్ది, కొక్కెం మీద పడే బరువు తగ్గించుకుని కొంత సరిచేశాను.

చలికాలం పొద్దున్నే గేజీ పెడితే 60 ఉండాల్సింది 53 చూపిస్తే లీకు అని కంగారుపడకండి. 35 డిగ్రీల ఎండలో కొట్టిన గాలి 5 డిగ్రీల చలిలో అంత తగ్గాల్సిందే. నేను ఈ విషయం తెలియక ఒక ఉదయమంతా సబ్బు నురగ పూస్తూ కూర్చున్నాను.

బిగించాక 800 కిలోమీటర్లకి మళ్ళీ అన్నీ బిగించి చూశాను, కుడి వైపు బ్రాకెట్ బోల్టు ఒకటి అర చుట్టు తిరిగింది. ఆ తర్వాత కూడా కుడి బ్యాగు వారానికి మూడు పీఎస్ఐ చొప్పున దిగుతూనే ఉంది. ఫిట్టింగుల దగ్గర నురగ పూస్తే బుడగ లేదు, గొట్టం పొడవునా తడిపినా లేదు. చివరికి నంబర్ ప్లేటు పక్కన పెట్టుకున్న వాల్వు నోట్లో ఒక చుక్క ఉమ్మి పెడితే అర నిమిషానికి చిన్న బుడగ ఉబ్బింది. లోపలి పిన్ను మార్చాను, కారు టైరుకి ఉండేలాంటిదే. గాలి దిగడం ఆగింది. ఆ వాల్వుకి మొదటి రోజు నుంచీ మూత లేదు, దుమ్మంతా అందులోకే పోయింది. ఇప్పుడు రెండింటికీ మూతలు పెట్టాను.