అమ్మ పాదాల వాపు, వావిలాకు కాపడం

గత వేసవిలో మా అమ్మగారి పాదాలు వాచాయి. ఉదయం లేచేసరికి మామూలుగానే ఉండేవి గానీ, సాయంత్రానికి చీలమండల చుట్టూ నీరు దిగినట్లు ఉబ్బి, చెప్పుల పట్టీల గుర్తులు చర్మంలోకి దిగబడి కనిపించేవి. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు ఎప్పటినుంచో ఉన్నవే కాబట్టి ఇదీ కీళ్లవాతమేనని ఇంట్లో అందరం తీర్మానించేశాం. ఇప్పుడు గుంటూరులో కాపురమున్నా మాది దుగ్గిరాల దగ్గర పల్లె. అక్కడినుంచి వావిలి రొట్ట తెప్పించి పదిహేను రోజుల పాటు రెండు పూటలా కాపడం పెట్టాం. మోకాళ్లకు హాయిగా ఉందని అమ్మగారు అన్నారు, పాదాల వాపు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

చివరకు డాక్టరు గారికి చూపిస్తే, ఆయన చీలమండ పైన బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడటానికి ఎంతసేపు పడుతుందో చూసి, వాడుతున్న మందుల చీటీ అడిగారు. అంతకు రెండు నెలల ముందే రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మోతాదును 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచారు. ఆ మందు సన్నని ధమనులను వెడల్పు చేయడం వల్ల కేశనాళికల్లో, అంటే వెంట్రుకంత సన్నని రక్తనాళాల్లో, ఒత్తిడి పెరిగి, నీరు బయటికి ఊరి పాదాల్లో చేరుతుందనీ, మోతాదు పెరిగేకొద్దీ ఇది ఎక్కువగా కనిపిస్తుందనీ ఆయన వివరించారు. మందు మార్చిన కొద్ది రోజులకే అమ్మగారి చెప్పులు మళ్లీ కాళ్లకు పట్టాయి. వాపును చూసి బలుపనుకోవడం గురించి మన పెద్దలు సామెత చెప్పారు గానీ, ఒక వాపును చూసి ఇంకొక వాపనుకోవడం గురించి చెప్పినట్లు లేదు.

శరీరంలో దెబ్బ తగిలిన చోటనో, సూక్ష్మజీవి చేరిన చోటనో, అరిగిన కీలులోనో పుట్టే వాపుకు ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి అనే నాలుగు గుర్తులను రెండు వేల ఏళ్ల నాడే రోము నగరపు వైద్య గ్రంథకర్త సెల్సస్ రాసిపెట్టాడు. అమ్మగారి పాదాల్లో ఆ నాలుగింటిలో ఉన్నది ఉబ్బు ఒక్కటే. చర్మం కందలేదు, తాకితే వేడి లేదు, నొప్పీ లేదు. ఆ సంగతి మొదటి రోజే గమనించి ఉంటే వావిలాకును అనవసరంగా నిందించే పని ఉండేది కాదు.

నిజానికి వావిలి మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కాలువ గట్ల వెంట, పొలం కంచెల్లో ఒక చేతి వేళ్లలాగా అయిదేసి ఆకులతో పెరిగే ఈ పొదను సంస్కృతంలో నిర్గుండి అంటారు. ఆకు అడుగుభాగం బూడిద తెలుపుగా ఉంటుంది, నలిపితే ఘాటైన వాసన వస్తుంది, పూలు లేత ఊదారంగులో గుత్తులుగా పూస్తాయి. మా వైపు బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించడం ఇప్పటికీ ఉంది. కాపడానికి ఆకును పెనం మీద ఆముదంతో వెచ్చబెట్టి, పాత నూలుగుడ్డలో మూటగట్టి, ముందు మన ముంజేతికి ఆనించి వేడి చూసుకొని, అప్పుడు కీలు మీద అద్దుతారు. ఇందులో ఆకు పాలెంత, వేడి పాలెంత అని నన్నడిగితే, వేడికే పెద్ద వాటా ఇస్తాను. పాత కీళ్లనొప్పికి ఆ వేడే మేలు చేస్తుంది గానీ, అప్పుడే బెణికిన మడమకు మొదటి రెండు రోజులూ కాపడం పెడితే వాపు పెరుగుతుంది కాబట్టి అక్కడ చన్నీళ్ల గుడ్డే సరైనది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికైతే ఈ మూట దగ్గరికే రానివ్వకూడదు, కాలిన సంగతి వారికి తెలియదు.

బెణుకుకు మా నాయనమ్మ వేసేది పసుపు, సున్నం కలిపిన పట్టు. కలపగానే అది ఎర్రబడటం చిన్నప్పుడు మాకు మహా వింతగా ఉండేది. హారతి పళ్లెంలోని ఎర్రనీళ్లకూ, పెళ్లికూతురి పారాణికీ కారణం కూడా అదే, సున్నపు క్షారం తగిలితే పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం రంగు మారుతుంది. సున్నం పాలు ఎక్కువైతే చర్మం పొక్కుతుందని నా ఎడమ మడమ మీది మచ్చ సాక్ష్యం చెబుతుంది.

పసుపు విషయంలో మా ప్రాంతం వారికి కాస్త పక్షపాతం ఉండటం సహజం. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డులో కొమ్ముల రాశుల మధ్య నడిచి పెరిగినవాణ్ణి. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయానికి గాయాలను మాన్పడంలో పసుపు వాడకంపై పేటెంటు ఇస్తే, మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) పాత గ్రంథాలను చూపి 1997లో దాన్ని రద్దు చేయించింది. అయినా పక్షపాతం పక్కన పెట్టి లెక్క చూడాలి. ఎండు పసుపులో కుర్కుమిన్ సాధారణంగా నూటికి 2 నుంచి 5 పాళ్లు మాత్రమే ఉంటుంది, అందులోనూ పేగుల గుండా రక్తంలోకి చేరేది అతి కొద్ది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు, మిరియాల్లోని పైపరీన్‌ను 20 మిల్లీగ్రాములు జతచేస్తే ఆ చేరిక అనేక రెట్లు పెరుగుతుందని చూపారు. 2014లో థాయ్‌లాండ్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్న 367 మందిపై ప్రచురించిన పరీక్షలో, రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం నాలుగు వారాల పాటు ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్రతో దీటుగా పనిచేసింది, కడుపు బాధలు కూడా తక్కువగా కనిపించాయి. అయితే అది శుద్ధిచేసిన సారం. రాత్రిపూట గ్లాసు పాలలో వేసుకునే అరచెంచా పసుపుకు ఆ ఫలితాన్ని అంటగట్టడం న్యాయం కాదు. గాఢమైన గుళికలు మిరియాల సారంతో కలిపి వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుడికి చెప్పకుండా వాటి జోలికి వెళ్లరాదు.

నల్లేరు గురించి ఒక్క మాట. విరిగిన ఎముకలకు కట్టే ఈ తీగను మా ఇంట్లో పచ్చడిగానే ఎక్కువ తిన్నాం. కాడలు కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోకపోతే దురద పుడుతుంది, చింతపండు వేసి బాగా మగ్గించకపోతే గొంతు గీరుతుంది. నల్లేరు మీద బండి నడక అన్న మాట ఈ గొంతు సంగతి తెలిసిన వంటమనిషి పుట్టించి ఉండడు.

అమ్మగారి పాదాలు చూసి పక్కింటివారు గలిజేరు ఆకు తెచ్చి, కూర వండి పెట్టమన్నారు. ఒంటినీరు తీయడానికి ఆయుర్వేదం పునర్నవను వాడే మాట నిజమే, కానీ గలిజేరు పేరుతో మనవాళ్లు కనీసం రెండు వేర్వేరు మొక్కలను పీకుతారు, పునర్నవ అయిన అటికమామిడి వాటిలో ఒకటి మాత్రమే. పైగా ఆ వాపు మూత్రపిండాల వల్ల వచ్చినదైతే, ఆకుకూరల్లోని పొటాషియం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. అప్పటికి పరీక్షలేవీ జరగలేదు కాబట్టి ఆకును మర్యాదగా పుచ్చుకొని పక్కన పెట్టాను.

మందు మారిన తర్వాత కూడా అమ్మగారు మోకాళ్లకు వావిలాకు కాపడం మానలేదు. వారానికోసారి ఊరినుంచి రొట్ట తెప్పించడం కష్టమని వానాకాలంలో ఒక కొమ్మ తెచ్చి మేడ మీద తొట్టెలో గుచ్చాం. నెల తిరక్కుండా చిగురు వేసింది, ఇప్పుడు నా నడుమెత్తు ఉంది.