ఓదెమీరాలో ఇల్లు చూడబోయి

మా ఆయన హనుమకొండలో పుట్టి పెరిగారు. ఇంజనీరింగ్‌లో విశాఖ టూరుకు వెళ్లేదాకా సముద్రం ముఖం చూడలేదు. సముద్రం పిచ్చి ఇలాంటివాళ్లకే ఎక్కువని నా అనుమానం. నేను చీరాల దగ్గర పల్లెలో పెరిగినదాన్ని. మాకు సముద్రమంటే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊడిపోయే కిటికీ గొళ్లాలు, అక్టోబరు నవంబరు నెలల్లో వాయుగుండం కబుర్లు, ఎండాకాలం ఆదివారాల్లో ఓడరేవు బీచికి ఆటోల్లో దిగే జనం. చదువుకున్న పిల్లలెవరూ అక్కడ ఆగరు. మా తరంలో ఒక్కరం కూడా మిగల్లేదు.

అలాంటిది మ్యూనిక్‌లో ఓ ఫిబ్రవరి సాయంత్రం ఆయన "సముద్రం ఒడ్డున ఏదైనా పల్లెటూళ్లో ఉండిపోదామా, నా పని ఎలాగూ ఇంటి నుంచే కదా" అన్నారు. "అదే కావాలంటే మా ఊరుందిగా" అన్నాను. "మీ ఊళ్లో మీ బాబాయిలంతా ఉంటారు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వీడియోలు చూసి చూసి ఆయన తేల్చిన చోటు ఓదెమీరా. పోర్చుగల్ నైరుతి తీరంలో, ఆలెంతేజో ప్రాంతంలో ఉంది. విస్తీర్ణంలో ఆ దేశంలోకెల్లా పెద్ద మునిసిపాలిటీ, సుమారు 1,720 చదరపు కిలోమీటర్లు. జనాభా 30 వేలకు అటూ ఇటూ. ఒక్క చీరాల పట్టణంలోనే అంతకు రెట్టింపు పైగా ఉంటారు. 2025 మే నెలలో సెలవు పెట్టి బయల్దేరాం. ఊరికే చూసి రావడానికని నేను, ఇల్లు ఖాయం చేసుకోవడానికని ఆయన.

లిస్బన్‌లో బస్సెక్కి నది దాటి దక్షిణంగా వెళ్తుంటే కాసేపటికి కార్క్ ఓక్ చెట్లు మొదలయ్యాయి. సీసా బిరడాలు చేసేది వీటి బెరడుతోనే. మొదలంతా ఒలిచేసి, ఎర్రగా, బట్టలు విప్పిన మనిషిలా నిలబడి ఉంటాయి. ఒక్కో చెట్టు మీద తెల్లరంగుతో ఓ అంకె. 3 అని ఉంటే 2023లో ఒలిచారని అర్థం. తొమ్మిదేళ్లకు ఒకసారే ఒలవాలి, కాబట్టి ఆ చెట్టు జోలికి మళ్లీ వెళ్లేది 2032లో. "చూశావా, ఇక్కడ ఎవరికీ తొందర లేదు" అన్నారాయన. బస్సు డ్రైవరుకు మాత్రం ఉంది. మలుపుల్లో నా కడుపులో తిప్పింది.

ఓదెమీరా కిందికే వచ్చే మిల్‌ఫోంతెస్ అందంగా ఉందని ఒప్పుకోవాలి. మీరా నది సముద్రంలో కలిసే చోట ఊరు. తెల్ల సున్నం గోడలు, కింద నీలం పట్టీ, కిటికీల చుట్టూ నీలం గీత. సముద్రపు దొంగల భయంతో 1600 ప్రాంతంలో కట్టిన చిన్న కోట నది ముఖద్వారంలోనే ఉంది. దాని దగ్గర్లో ఇద్దరు విమానవీరుల జ్ఞాపకార్థం ఒక కట్టడం కనిపించింది. బ్రీతో పైష్, సర్మెంతో ద బైరెష్ అనే ఇద్దరు 1924 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచే మకావుకు విమానంలో బయల్దేరారట. దారిలో ఆ విమానం కూలింది మన జోధ్‌పూర్ వైపే. వాళ్లు బతికి బయటపడి, ఇంకో విమానం కొనుక్కుని ముందుకు సాగారు. మా ఆయనకు ఈ కథ భలే నచ్చింది. ఊరికి ఒక ఇండియా లింకు దొరికిందిగా మరి.

ఇక్కడ అందరూ చేసే పని నడక. జాలర్లు చేపలకోసం కొండచరియల అంచున తొక్కిన బాటలన్నిటినీ కలిపి పెద్ద దారి చేశారు. ఆకుపచ్చ, నీలం గీతలు చూసుకుంటూ పోవడమే. అల్మోగ్రావ్ నుంచి జంబుజైరా దాకా 22 కిలోమీటర్లు. చదివినప్పుడు తేలిగ్గానే అనిపించింది. తీరా వెళ్తే చాలాచోట్ల మెత్తటి ఇసుక, అడుగు ముందుకేస్తే సగం వెనక్కి. ఇసుకలో నడిచే అలవాటు నాకుంది కాబట్టి నేను ముందు, సముద్ర ప్రేమికుడు వెనక.

దారిలో కాబో సర్దావ్ అనే కొండకొన దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. సముద్రంలో విడిగా నిలబడ్డ రాతి స్తంభాలు, కింద అలలు బద్దలవుతున్నాయి, పైన పుల్లల గూళ్లలో తెల్లకొంగలు పిల్లలకు మేత పెడుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద కొంగల గూళ్లు చూసినదాన్నే, కానీ ఇలా కాదు. ఈ జాతి కొంగ సముద్రపు కొండచరియల మీద గూడు కట్టేది ప్రపంచంలో ఇక్కడేనని చెప్తారు. గాలికి టోపీ ఎగిరిపోతుంటే, ఆ పిల్ల కొంగ గూటి అంచున నిలబడి రెక్కలు విప్పి చూసుకుంటోంది. నాకే గుండె దడదడలాడింది. ఆ ఒక్కదానికోసమైనా ఈ తీరానికి రావచ్చు.

నీళ్లు మాత్రం మన సముద్రంలా అనుకోకండి. అట్లాంటిక్ ఇక్కడ నడివేసవిలో కూడా 20 డిగ్రీలకు చేరడం అరుదు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరపు గాలి విరుచుకుపడుతుంది. సముద్రస్నానం చేస్తామని వెళ్లి, మోకాళ్లదాకా దిగి, ఫొటో తీసుకుని బయటికొచ్చాం.

తిండి విషయంలో నేను పూర్తిగా లొంగిపోయాను. ఆసోర్దా అని ఒకటి పెడతారు. వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు కలిపి దంచి, ఆలివ్ నూనె పోసి, దాని మీద మరిగే నీళ్లు పోసి, ఎండిన రొట్టె ముక్కలు వేసి, పైన ఉడికిన గుడ్డు. పేదింటి తిండి. మ్యూనిక్‌లో నాలుగు రెబ్బల కొత్తిమీరకు డబ్బులు పోసే నాకు, ఆ గిన్నెలో నుంచి వచ్చిన వాసనకు సగం వీసా అక్కడే మంజూరైంది. పెర్సెబెస్ అనే రాతి జీవుల్ని కూడా తిన్నాం. మనుషులు తాళ్లు కట్టుకుని కొండ దిగి, అల వెనక్కి తగ్గిన ఆ కాస్త సమయంలో వాటిని రాయి మీంచి చెక్కి తెస్తారు. ప్లేటు ధర చూస్తే ఎక్కువనిపించింది, తీసే పద్ధతి చూస్తే తక్కువనిపించింది.

ఇక ఇళ్లు. తీరం వెంబడి భూమి 1995 నుంచి ప్రకృతి ఉద్యానవనం కింద ఉంది. సముద్రం పక్కన కొత్తగా కట్టడం దాదాపు కుదరని పని. ఆ తీరం అంత బాగుండటానికి కారణం అదే, ఉన్న కొద్ది ఇళ్ల ధరలు కొండెక్కడానికి ఒక కారణమూ అదే. బ్రోకరు జంబుజైరాలో చూపించిన ఇంటి కిటికీలోంచి నీలంగా సముద్రం. ఆయన కిటికీ దగ్గరే ఉండిపోయారు. నేను బీరువా తలుపు తీశాను. చెమ్మ వాసన. మంచం వెనక గోడ మీద చెయ్యి పెడితే అరచేతికి తడి తగిలింది. తలుపు బందులు చూశాను. తుప్పు. ఊరు మారినా ఉప్పు ఉప్పే కదా!

మేం దిగిన గెస్ట్‌హౌస్ నడిపే డచ్ ఆవిడ 1980ల్లో భర్తతో వచ్చి, లోపలి లోయలో కరెంటు లేని పాడుబడ్డ ఇల్లు కొనుక్కుని ఇక్కడే స్థిరపడ్డారట. అప్పట్లో అలా జర్మన్లు, డచ్‌వాళ్లు చాలామంది వచ్చారు. "అందరూ జూన్‌లో వచ్చి కొంటారు, జనవరిలో ఏడుస్తారు" అన్నారావిడ. చలికాలంలో బయటికన్నా ఇంట్లోనే చలి ఎక్కువ. పాత ఇళ్లకు హీటింగ్ ఉండదు. టూరిస్టులు వెళ్లాక సగం హోటళ్లు మూతపడతాయి. పెద్దాసుపత్రికి సాంటియాగో దో కాసేం దాకా పోవాలి. కారు లేకపోతే బతుకు లేదు. 2023 ఆగస్టులో అడవి అంటుకుని వేల హెక్టార్లు కాలిపోయాయి, ఎన్నో ఊళ్లు ఖాళీ చేయించారు. "మరి ఎందుకున్నారు ఇక్కడే?" అని అడిగాను. భుజాలెగరేసి, "ఇంకెక్కడికీ వెళ్లాలనిపించలేదు" అన్నారు.

అదే ఊళ్లో కాఫీ షాపులో పనిచేసే అమ్మాయి ఇంకో లెక్క చెప్పింది. ఇల్లు సెప్టెంబరు నుంచి మే దాకానే అద్దెకిస్తారు. జూన్ రాగానే ఖాళీ చేయమంటారు, టూరిస్టులు వారానికే నెల అద్దె ఇస్తారు కాబట్టి. అందుకని తను ఇంకా అమ్మానాన్నలతోనే ఉంటోంది. ముప్ఫై దాటాయి.

మర్నాడు పచ్చిమిరపకాయలు దొరుకుతాయని ఎవరో చెబితే సావ్ తియోతోనియో వెళ్లాం. సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. దారికి రెండువైపులా తెల్లటి ప్లాస్టిక్ గుడారాలు, కంటికి కనిపించినంత మేర. రాస్ప్‌బెర్రీ తోటలు. మా మ్యూనిక్ సూపర్‌మార్కెట్‌లో చలికాలం కొనే డబ్బాల మీద పోర్చుగల్ అని ఉంటుంది, ఎక్కడిదా అని ఎప్పుడూ ఆలోచించలేదు. సముద్రం దగ్గరుండటంతో ఇక్కడ మంచు పడదు, ఎండా మరీ మండదు. 1960ల్లో కట్టిన సాంతా క్లారా డ్యామ్ నీళ్లు కాలవల్లో వస్తాయి. ఆ రెండూ కలిసి బెర్రీలను తెచ్చాయి. బెర్రీలు నేపాలీలను, పంజాబీలను, బంగ్లాదేశీలను తెచ్చాయి. ఈ తోటల్లో చాలా భాగం కూడా ఆ ఉద్యానవనం హద్దుల్లోనే ఉన్నాయి.

ఊరి మెయిన్‌రోడ్డు మీద సగం దుకాణాలు మనవాళ్లవే అనిపించింది. డబ్బు పంపే కౌంటర్లు, మోమోలు, బాస్మతి బస్తాలు. ఒక నేపాలీ కొట్టులోకి వెళ్లి మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే, కౌంటర్ దగ్గరున్న మనిషి తలెత్తి "అన్నా, మంచిగున్నవా?" అన్నాడు. మా ఆయన చేతిలో మిరపకాయల పొట్లం జారిపోయింది. దోహాలో ఏళ్లపాటు జగిత్యాల, కరీంనగర్ వాళ్లతో ఒకే గదిలో ఉన్నాడట. తెలుగు తిట్లు కూడా బాగానే వచ్చు, నా ముందు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

కొట్టు పెట్టకముందు తోటల్లోనే చేశాడు. తెల్లారకముందే వ్యాన్ వస్తుంది. పండు నలగకుండా కోయాలి, బరువును బట్టి లెక్క. ఉండటానికి ఒక ఇంట్లో పదిమందికి పైగా, లేదంటే తోటలోనే కంటైనర్ గది. 2021 ఏప్రిల్ చివర్లో కోవిడ్ కేసులు పెరిగి ఈ ఊరికి దారులు మూసేశాక, ఆ గదుల ఫొటోలు టీవీల్లో వచ్చాయి. అప్పుడు దేశమంతా నోరెళ్లబెట్టింది. "మాకు ముందే తెలుసు కదా దీదీ" అని నవ్వాడు. ఇక్కడికొచ్చి, పని చూపించి, సోషల్ సెక్యూరిటీ కట్టి కాగితాలు తెచ్చుకునే దారి ఒకటుండేది. దాన్ని 2024 జూన్‌లో ఆపేశారు. అప్పటికే దేశంలో 4 లక్షలకు పైగా దరఖాస్తులు పేరుకుపోయి ఉన్నాయి. అతని తమ్ముడిదీ అందులోనే ఉంది.

సముద్రానికి వెళ్తుంటావా అని మా ఆయన అడిగారు. తోటల్లో చేసినన్నాళ్లూ దసరాకు ఒకసారి పోయాడట. "ఆదివారం బట్టలు ఉతుక్కునేటందుకే సరిపోతది అన్నా."

తిరుగు ప్రయాణంలో ఆయన మాట్లాడలేదు. బస్సు రావడానికి చాలా టైముంటే బస్టాప్ వెనక ఖాళీ జాగాలో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నారు. నేనే కదిపాను. మాకు జర్మన్ పాస్‌పోర్టు లేదు కాబట్టి, ఇక్కడ ఉండాలంటే 2022 అక్టోబరులో మొదలుపెట్టిన రిమోట్ ఉద్యోగుల వీసా తీసుకోవాలి. దానికి నెల ఆదాయం పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలి. 2025లో కనీస వేతనం 870 యూరోలు, అంటే 3,480. ఆ కొట్టతని తమ్ముడికి వచ్చేది ఆ ఒక వంతు, మేం చూపించాల్సింది నాలుగు వంతులు. ఒకే ఊరికి రావడానికి.

"మనమేమీ అతని పని లాక్కోవడం లేదు కదా" అన్నారు.

"పని కాదు, కాఫీ షాపు అమ్మాయి ఇల్లు" అన్నాను.

దాని మీద కాస్త గట్టిగానే వాదించుకున్నాం. మేం రాకపోతే ఆ అమ్మాయికి ఇల్లు దొరుకుతుందా అని ఆయన అడిగినదీ నిజమే. దొరకదు. ఇంకో జర్మన్‌కో, వారాంతం టూరిస్టుకో పోతుంది. పన్నెండు నెలలూ అక్కడే ఉండి, అక్కడే పన్ను కట్టి, చలికాలంలోనూ ఆ కాఫీ షాపులో కూర్చునేవాళ్లు ఆ ఊరికి కావాలని డచ్ ఆవిడ కూడా అన్నారు. అయితే అలా ఉండగలమో లేదో మే నెల ఎండలో, కొంగపిల్లల్ని చూసి తేల్చుకోవడం కుదరదు కదా.

చివరికి ఓ ఒప్పందానికి వచ్చాం. జంబుజైరా ఇంటికి అడ్వాన్స్ ఇవ్వలేదు. వచ్చే జనవరికి ఒక నెలపాటు చిన్న పోర్షన్ మాట్లాడుకున్నాం, సావ్ తియోతోనియోలోనే. నడిచే దూరంలో దుకాణాలు, బస్టాప్, వీధి చివర మిరపకాయల కొట్టు. సముద్రం కనిపించదు. హీటర్ మీరే తెచ్చుకోవాలని ఇంటాయన ముందే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయన రోజూ హీటర్ల ధరలు చూస్తున్నారు, పొద్దున్నే సముద్రానికి వెళ్లి రావడానికి ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కూడా.