ఎడమ చేతిలో రెండో కత్తి: నా రేంజర్‌తో నా అనుభవం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఊహాలోకంలో ఒక్కొక్కరం ఒక పాత్రగా, డైస్ వేసి ఫలితం తేల్చుకుంటూ ఆడే ఆట) కొత్తగా మొదలుపెట్టే చాలామందికి రెండు చేతుల్లో రెండు కత్తులు తిప్పే వీరుడే కావాలి. నాకూ అదే కావాలనిపించి రేంజర్‌ని, అంటే అడవుల్లో తిరిగే వేటగాడి లాంటి పాత్రని, ఎంచుకున్నాను. మా ఆట నడిపించే డీఎంని మేమంతా అన్న అని పిలుస్తాం. అన్న వద్దనలేదు. "తీసుకోరా. కానీ రెండో కత్తికి ఏమేం ఖర్చవుతుందో ముందే లెక్క చూసుకో" అన్నాడు. ఆ లెక్క తేలడానికి నాకు 1వ లెవెల్ నుంచి 5వ లెవెల్ దాకా పట్టింది.

మేము ఈ ఆటకి 2014లో వచ్చిన నియమాలతో మొదలుపెట్టాం. వాటి ప్రకారం రెండు చేతుల్లోనూ తేలికైన ఆయుధాలే ఉండాలి: షార్ట్‌సోర్డ్, సిమిటార్, బాకు, చిన్న గొడ్డలి లాంటివి. కుడిచేత్తో మామూలుగా దాడి చేశాక, బోనస్ యాక్షన్ (ప్రతి టర్న్‌లో, అంటే మన వంతులో, అసలు పనికి అదనంగా చేయగల ఒక చిన్న పని) ఖర్చుపెట్టి ఎడమచేత్తో ఇంకో దాడి చేయొచ్చు. అయితే ఆ రెండో దెబ్బకి డైస్ మీద పడిన అంకె మాత్రమే డ్యామేజ్, మన డెక్స్టెరిటీ (చురుకుదనం) బోనస్ కలవదు. ఐరోపాలో ఒకప్పుడు కత్తిసాము చేసేవాళ్లు కుడిచేత రేపియర్ అనే సన్నని పొడవాటి కత్తి, ఎడమచేత బాకు పట్టేవారు. ఈ నియమాల్లో రేపియర్ తేలికైన ఆయుధం కాదు కాబట్టి ఆ జంట పట్టాలంటే విడిగా ఒక ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకోవాలి. నాకు ఇది ఇప్పటికీ బాధే.

నేను రెండు షార్ట్‌సోర్డ్‌లు తీసుకున్నాను, ఒక్కోదాని డ్యామేజ్‌కి ఆరు ముఖాల డైస్. డెక్స్టెరిటీ 16, అంటే బోనస్ 3. కుడిచేతి దెబ్బ సగటున ఆరున్నర, ఎడమచేతి దెబ్బ మూడున్నర, రెండూ తగిలితే 10. మా బృందంలో అక్క ఆడే పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధురాలు) రెండు చేతులతో పట్టే గ్రేట్‌సోర్డ్ ఒక్క దెబ్బకి ఇచ్చే సగటు కూడా 10. ఆమెకి బోనస్ యాక్షన్ మిగిలే ఉంటుంది, నాకు ఉండదు. పైగా నేను షీల్డ్ వదులుకున్నాను. షీల్డ్ ఉంటే నా ఏసీ (నాకు దెబ్బ తగలాలంటే శత్రువు ఇరవై ముఖాల డైస్, బోనస్ కలిపి చేరాల్సిన అంకె) 16, లేకపోతే 14. గోబ్లిన్ దాడికి ప్లస్ 4 ఉంటుంది కాబట్టి దాని కత్తి నాకు తగిలే అవకాశం 45 శాతం నుంచి 55 శాతానికి పెరుగుతుంది. 1వ లెవెల్లో ఉండే గుప్పెడు హిట్ పాయింట్లతో (ఎన్ని దెబ్బలు తట్టుకోగలమో చెప్పే అంకె) అది చిన్న తేడా కాదు. ప్రతి పోరాటంలోనూ టెన్షన్ పడుతూనే ఉన్నాను.

2వ లెవెల్లో రేంజర్‌కి ఫైటింగ్ స్టైల్ వస్తుంది. రెండు ఆయుధాల స్టైల్ తీసుకుంటే ఎడమచేతి దెబ్బకి కూడా బోనస్ కలుస్తుంది, మొత్తం 13 అవుతుంది. రెండు కత్తుల దారి ఎంచుకున్నవాళ్లు దీని విషయంలో ఇంకో ఆలోచన పెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

అదే లెవెల్లో హంటర్స్ మార్క్ మంత్రం కూడా వచ్చింది. గుర్తు పెట్టిన శత్రువుకి మన ఆయుధం తగిలిన ప్రతిసారీ ఇంకో ఆరు ముఖాల డైస్ డ్యామేజ్. దెబ్బలు ఎక్కువ వేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మంత్రం వేయడానికీ బోనస్ యాక్షనే కావాలి. గుర్తు పెట్టిన శత్రువు పడిపోతే దాన్ని ఇంకొకరి మీదికి మార్చడానికీ అదే కావాలి. అది టర్న్‌కి ఒక్కటే.

కత్తులు దూయడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. టర్న్‌లో ఉచితంగా ఒక్క ఆయుధమే దూయొచ్చు. ఈ రెండు చిక్కుల్నీ కలిపి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రమాదం ఉందనిపించిన చోట ఒక కత్తి ముందే చేతిలో ఉంచుకుని నడుస్తాను. మొదటి టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో మార్క్, ఒక్క దాడి, రెండో కత్తి దూయడం. ఎడమచేతి దాడి ఎలాగూ కుదరని టర్న్ కాబట్టి కత్తి దూయడం వల్ల పోయేదేమీ లేదు. రెండో టర్న్ నుంచి రెండు కత్తులూ పనిలోకి దిగుతాయి.

రెండో కత్తి అసలు విలువ నాకు తెలిసింది 3వ లెవెల్లో, ఒక పాడుబడ్డ గుడి నేలమాళిగలో. అక్కడ దుష్టదేవతని కొలిచే పూజారి ఒకడు అక్క పాలడిన్ మీద హోల్డ్ పర్సన్ మంత్రం వేశాడు. ఆమె కదల్లేదు. పక్కనే వాడి అనుచరులు ఇద్దరు కత్తులతో ఉన్నారు. కదల్లేనివాళ్లని ఐదడుగుల లోపు నుంచి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికలే, అంటే డ్యామేజ్ డైస్ రెట్టింపు. నా టర్న్ వచ్చింది. నేను మార్క్ పెట్టిన శత్రువు అప్పుడే పడిపోయాడు. మార్క్‌ని పూజారి మీదికి మార్చి ఒక గట్టి దెబ్బ వేయనా, లేక మార్క్ లేకుండానే రెండు దెబ్బలు వేయనా?

"ఏం చేస్తావురా?" అన్నాడు అన్న.

మంత్రాన్ని నిలిపి ఉంచేవాడికి దెబ్బ తగిలిన ప్రతిసారీ విడిగా ఒక కాన్సన్‌ట్రేషన్ సేవ్ (ఏకాగ్రత నిలిచిందో లేదో డైస్ వేసి చూసే పరీక్ష) ఉంటుంది. చిన్న దెబ్బైనా కనీసం 10 తెచ్చుకోవాలి. డ్యామేజ్ 22 అయితే తప్ప ఆ గీత పైకి జరగదు. అంటే మార్క్‌తో ఒక్క పెద్ద దెబ్బ వేసినా పూజారికి ఒక్కటే పరీక్ష. రెండు చిన్న దెబ్బలైతే రెండు పరీక్షలు. నేను రెండు దెబ్బలకే వెళ్లాను. మొదటిది డైస్ మీద 11, కలుపుకుంటే 16. తగిలింది, డ్యామేజ్ 7. అన్న సేవ్ వేశాడు, 15 పడింది. మంత్రం నిలిచింది. ఎడమచేతి డైస్ మీద 9 పడింది, మొత్తం 14. పూజారి ఏసీ 13, ఒక్క అంకె తేడాతో తగిలింది. డ్యామేజ్ 5 మాత్రమే. అన్న మళ్లీ వేశాడు, 6 పడింది. వాడి బోనస్ ఒకటి కలిపినా 7. మంత్రం తెగిపోయింది. అక్క కుర్చీలోంచి లేచి "ఇప్పుడు చూడు" అంది. తన టర్న్‌లో వాడి పని పట్టింది.

ఆ తర్వాత నేను సగటు డ్యామేజ్ లెక్కలకి మునుపటంత విలువ ఇవ్వలేదు. ఏసీ 15 ఉన్న శత్రువు మీద ప్లస్ 5తో ఒక దెబ్బ తగిలే అవకాశం 55 శాతం. రెండు వేస్తే కనీసం ఒకటి తగిలే అవకాశం దాదాపు 80 శాతం. ఎవరి మంత్రమైనా తెంచాలన్నా, కొన ఊపిరితో ఉన్నవాణ్ణి పడగొట్టాలన్నా ఈ అంకెనే చూసుకోవాలి.

4వ లెవెల్లో డ్యూయల్ వీల్డర్ ఫీట్ తీసుకోవాలా, డెక్స్టెరిటీ పెంచాలా అని తర్జనభర్జన పడ్డాను. ఫీట్ వల్ల ఏసీకి ఒకటి, రేపియర్ల లాంటి పెద్ద కత్తులు, రెండూ ఒకేసారి దూసే వీలు. డెక్స్టెరిటీ 18 చేసుకుంటే తేలిక కవచంలో ఏసీకి అదే ఒకటి, డ్యామేజ్‌లోనూ దాదాపు అంతే లాభం. దాని పైన దాడికి ఒకటి, ఇనిషియేటివ్‌కి (పోరాటంలో ఎవరి వంతు ముందో తేల్చే డైస్‌కి) ఒకటి. డెక్స్టెరిటీకే ఓటేశాను.

5వ లెవెల్లో అక్కకీ నాకూ ఎక్స్‌ట్రా అటాక్ (మామూలు దాడితో పాటే ఇంకో దాడి) వచ్చేసరికి రెండు కత్తుల ఆధిక్యం కరిగిపోయింది. అక్క కూడా తన బలం పెంచుకుంది కాబట్టి ఆమె రెండు దెబ్బలు కలిపితే సగటున 22. నా మూడు దెబ్బలు కలిపితే ఇరవై రెండున్నర. ఆ అర అంకె కోసం ప్రతి టర్న్‌లోనూ బోనస్ యాక్షన్ ఇవ్వాలి! మార్క్ ఉంటే నాది 33కి వెళ్తుంది నిజమే, కానీ శత్రువు పడిన ప్రతిసారీ మార్క్ మార్చడానికి మూడో దెబ్బ వదులుకోవాల్సిందే.

ఆ దశలో మా బృందం 2024 నియమాలకి మారింది. నా పాత్ర వివరాల షీట్‌లో మారింది ఒక్క ఆయుధం: ఎడమచేతి షార్ట్‌సోర్డ్ బదులు సిమిటార్. కొత్త నియమాల్లో సిమిటార్‌కి నిక్ అనే మాస్టరీ (ఆయుధానికి ఉండే ప్రత్యేక గుణం) ఉంది. దానితో ఎడమచేతి దాడి మామూలు దాడిలోనే కలిసిపోతుంది, బోనస్ యాక్షన్ అడగదు. షార్ట్‌సోర్డ్‌కి వెక్స్ ఉంది కాబట్టి ముందు దానితో కొడతాను. తగిలితే అదే శత్రువు మీద తర్వాతి దాడికి అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) వస్తుంది. మార్క్, మూడు దెబ్బలు, అన్నీ మొదటి టర్న్‌లోనే. ఒక్కో దాడితో ఒక ఆయుధం దూయొచ్చు కాబట్టి చేతిలో కత్తి పట్టుకుని నడవాల్సిన పనీ లేదు.

ఇంకా తీరనిది ఒకటుంది. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేయాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. ప్రస్తుతానికి ఎవరైనా పడిపోయేలా కనిపిస్తే చివరి దాడితో పాటే సిమిటార్‌ని ఒరలో పెట్టేసి తర్వాతి టర్న్‌కి సిద్ధంగా ఉంటున్నాను. 8వ లెవెల్లో వార్ కాస్టర్ ఫీట్ తీసుకుంటాను. రెండు చేతుల్లో కత్తులున్నా మంత్రం వేయొచ్చు, నా కాన్సన్‌ట్రేషన్ సేవ్‌లకి అడ్వాంటేజ్ వస్తుంది కాబట్టి మార్క్ కూడా తేలిగ్గా తెగదు. అన్నకి ఇప్పటికే చెప్పి ఉంచాను.