బండి పని: గేర్ లివర్ దగ్గరే రెండు నెలలు

మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు నిండా బస్సులే, షెడ్డు వైపు పోనే లేదు. తర్వాత వెళ్ళినా పని ముందుకు సాగలేదు. ఈ రెండు నెలలూ గేర్ లివర్ దగ్గరే గడిచిపోయాయి.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం: హన్మకొండలో ఒక వెల్డింగ్ షెడ్డు మూలన ఇద్దరు కూర్చునే చిన్న పైపుల ఛాసిస్ కారు కట్టుకుంటున్నాను. వెనక 373 సీసీ బైక్ ఇంజన్. చక్రాలు, హబ్బులు పాత మారుతి 800వి. ధర్మకాంటా మీద పెడితే 340 కిలోలు తూగింది. దీనికి రిజిస్ట్రేషన్ కాదు, రోడ్డెక్కించను కూడా. ధర్మసాగర్ వైపు బాబాయ్ మామిడితోటలో 400 మీటర్ల మట్టిబాట ఉంది, అదే మన ట్రాక్.

బైక్ ఇంజన్ పెట్టుకుంటే సీక్వెన్షియల్ గేర్‌బాక్స్, అంటే గేర్లు ఒకదాని తర్వాత ఒకటి వరుసగానే పడే బాక్సు, దాంతోపాటే వస్తుంది. 2013లో వచ్చిన కేటర్‌హామ్ 620ఆర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో, 310 హార్స్‌పవర్ ఇంజన్ వెనక, ఉన్నదీ ఆరు గేర్ల సీక్వెన్షియల్ బాక్సే. సూత్రం ఒకటే. లివర్ లాగితే లోపల గాడులు కోసిన డ్రమ్ ఒక మెట్టు తిరుగుతుంది, దాని గాడిలో ఉన్న ఫోర్క్ (గేరును పక్కకు నెట్టే ముక్క) జరుగుతుంది, గేరు పక్కనుండే డాగ్ పళ్ళు (మొద్దు పళ్ళు) వెళ్ళి పక్క గేరును పట్టుకుంటాయి. కారు గేర్‌బాక్సులో లాగా గేర్ల వేగాన్ని ముందే కలిపే సింక్రో రింగులు ఉండవు. క్లచ్ పెడల్ లేని సెలెరియో ఏఎంటీ కారు లివర్ మీద కూడా ప్లస్, మైనస్ ఉన్నాయి కదా అని ఒకరు అడిగారు. అందులో లివర్ మాత్రమే వరుసగా కదులుతుంది, లోపలిది మామూలు సింక్రో బాక్సే.

ఇక నా గోల. మూడో గేరు దాకా బాగానే పడేది. నాలుగుకు లాగితే లివర్ లూజుగా వచ్చేసేది, గేరు పడేది కాదు. ఫోర్క్ వంగిందేమోనని ఒకటే టెన్షన్, ఎందుకంటే ఫోర్క్ చూడాలంటే ఇంజన్ కేసు రెండుగా విప్పాలి. ఒక మెకానిక్ అయితే సందేహమే లేదు, విప్పాల్సిందే అన్నాడు.

ఆ వారం షెడ్డుకు సైలెన్సర్ అతికించుకోవడానికి ఒక ఆటో అన్న వచ్చాడు. ఆటోలోనూ గేర్లు వరుసగానే కదా, చూద్దామని కూర్చున్నాడు. నాలుగుసార్లు లివర్ ఆడించి, "తమ్మీ, నువ్వు ఇడిచిపెట్టినా ఇది మొత్తం ఎనకకు రాట్లేదు, సూడు" అన్నాడు.

నిజమే. బైక్ గేర్ లివర్ ప్రతిసారీ నడిమికి పూర్తిగా తిరిగి రావాలి. అలా వస్తేనే లోపలి కొక్కెం డ్రమ్ మీద తర్వాతి పిన్నును అందుకుంటుంది. సీటు పక్కనుంచి ఇంజన్ దాకా నేను వేసింది 1.1 మీటర్ల గట్టి ఇనుప కడ్డీ, పైన బరువైన స్టీలు నాబ్. ఆ బరువునంతా వెనక్కి తేవడం ఇంజన్ లోపలి చిన్న స్ప్రింగు వల్ల కాలేదు. రెండు చివర్ల రోజ్ జాయింట్లలో (అటూ ఇటూ తిరిగే గుండు కీళ్ళు) కలిపి 3 మిల్లీమీటర్ల లూజు కూడా ఉంది. గేర్‌బాక్స్‌ను అనవసరంగా తిట్టుకున్నాను.

కడ్డీ తీసేసి అల్యూమినియం పైపు వేశాను, నాబ్ ప్లాస్టిక్‌ది. జాయింట్లు కొత్తవి. లివర్‌ను నడిమికి లాగడానికి బయట ఇంకో స్ప్రింగ్. లివర్ పొడవు తగ్గించాను, దాంతో చేతి కదలిక 95 మిల్లీమీటర్ల నుంచి 60కి వచ్చింది. మరీ ముఖ్యమైంది రెండు వైపులా వేసిన స్టాపర్ బోల్టులు. కాలి వేళ్ళతో ఎత్తే లివర్‌కు చేతి లివర్ తగిలిస్తే బలం ఎన్నో రెట్లవుతుంది. ఆపేది ఏదీ లేకపోతే ఫోర్క్ అప్పుడు నిజంగానే వంగుతుంది.

ఇప్పుడు ఆరు గేర్లూ పడుతున్నాయి. మెల్లగా, మర్యాదగా లాగితే మాత్రం డాగ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి గీసుకుని కర్రుమంటాయి. చటుక్కున లాగి వదిలేయాలి. నాలుగులో ఉండగా ఆగిపోతే ఇంకో తలనొప్పి: నిలబడ్డ బండిలో పళ్ళు ఎదురెదురుగా నిలిచి కిందికి దిగవు. క్లచ్ నొక్కి బండిని జానెడు కదిలించాలి. అందుకే ఆగకముందే ఒక్కొక్కటీ దించుకుంటూ రావడం అలవాటు చేసుకుంటున్నాను. బైక్ గేర్ ఇండికేటర్‌ను డాష్ మీద పెట్టాను, లెక్కపెట్టుకునే పని తప్పింది.

ఒక తెలివితక్కువ పని కూడా ఒప్పుకోవాలి. ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ వృథా ఎందుకని ఇందులో పోశాను. ఈ ఇంజన్‌లో క్లచ్ కూడా అదే నూనెలో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లోని రాపిడి తగ్గించే మందు వల్ల క్లచ్ జారి, ఇంజన్ అరుస్తున్నా బండి కదల్లేదు. డబ్బా మీద జాసో ఎంఏ2 (నూనెలో మునిగే బైక్ క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) అని ఉన్నదే కొనండి. నాకు ఆయిల్‌తో పాటు క్లచ్ ప్లేట్ల సెట్టు ఖర్చు కూడా పడింది.

రివర్స్ ఇంకా లేదు. బాట చివర బాబాయ్ కొడుకు తోస్తున్నాడు, రౌండుకో కూల్‌డ్రింక్ లెక్కన.

మొదటి గేరు 9,000 ఆర్‌పీఎం దగ్గర గంటకు 40 కిలోమీటర్ల వేగానికే అయిపోతోంది. చక్రాలు 12 అంగుళాలవి, వెనక స్ప్రాకెట్ (చైన్ చక్రం) 45 పళ్ళది. 40 పళ్ళది వేస్తే 45 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తుంది కానీ, 340 కిలోలను కదిలించేటప్పుడు కొత్త క్లచ్ ప్లేట్లు మళ్ళీ మాడతాయేమోనని భయం. ముందు 42 పళ్ళది తెచ్చాను. ఆదివారం బిగిస్తాను.